త్రినాధరావుగారి పొలిమేర

అనకాపల్లి గుండె డాక్టరు త్రినాధరావుగారికి ఉన్న పట్టింపు ఒక్కటే: గుండెకు చెందని మందేదీ తన కలంతో రాయరు. రోగి దగ్గితే, "దగ్గు నా పొలిమేరలోది కాదండి" అంటారు. ఇల్లాలికి తలనొప్పి వచ్చినా అదే మాట. ఆవిడ శొంఠి అరగదీసుకుని నుదుటికి పట్టు వేసుకుంటుంది.

2025 ఫిబ్రవరి పదో తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. మంచు ఇంకా విడలేదు. బెల్లం వర్తకుడు మల్లేశ్వరరావు ఆయాసపడుతూ ఆయన గదిలో అడుగుపెట్టాడు.

పరీక్షలు చూసి డాక్టరుగారన్నారు: "గుండె బలహీనపడిందండి. మూత్రపిండాలు కూడా నీరసించాయి. రెంటికీ పనికొచ్చే మందు ఉంది. కాని అది మొదట సుగరు వాళ్ల కోసం వచ్చినది. మేడ మీద సుగరు డాక్టరు గౌతమ్‌గారు రాయాలి."

"నాకు సుగరు లేదు కదండి."

"లేదు. మందు మాత్రం గుండెకే."

"సుగరు డాక్టరు మెట్ల మీద నన్నెవరైనా సూత్తే ఏటవుతాదండి? బెల్లం దిమ్మ కొరికి ధర కట్టేవోణ్ణి. ఈడిక దిమ్మ ముట్టడనుకుంటే రైతెవడూ నా కొట్టుకి రాడు. పోనీ, తమరే రాసేయండి."

"నా పొలిమేర కాదండి."

మల్లేశ్వరరావు మందు లేకుండానే ఇల్లు చేరాడు. గడప దాటి చతికిలబడిన భర్తను చూసి కామేశ్వరమ్మ, "నాలిక కోసం గుండెని వదిలేత్తారేటి?" అని కసిరింది.

మర్నాడు ఉదయం, మెట్లెక్కనన్న రోగి కోసం, కొట్టు ముందు కారు ఆగింది. త్రినాధరావుగారు, గౌతమ్, కిడ్నీ డాక్టరు రాజశ్రీ దిగి, వెనక గదిలో గోనెల మీద ఆసీనులయ్యారు. త్రినాధరావుగారు మందుల చీటీ తీసి గౌతమ్ ముందు పెట్టారు.

"మందు మీది, మీరు రాయండి."

"గుండె మీది కదా సార్. రాజశ్రీగారు రాస్తే..."

"మోతాదు నేను చూస్తాను. రోగి మాత్రం సార్ రోగి."

పెళ్లి పంక్తిలో ఆఖరి బూరెలాగా చీటీ ముగ్గురి నడుమ తిరిగింది.

"అది ఆగేదాకా నేనుంటానాండి?" అన్నాడు మల్లేశ్వరరావు.

త్రినాధరావుగారు కలం తీసి, పైన 'గుండె కోసం' అని పెద్దక్షరాలతో రాసి, దాని కింద మందు పేరు రాశారు. తక్కిన ఇద్దరూ సంతకాలు చేశారు.

అప్పటికే సుగరు డాక్టరు వచ్చాడని బజారంతా కొట్టు ముందు మూగింది. మల్లేశ్వరరావు ముఖం పాలిపోయింది. త్రినాధరావుగారు బయటకు వచ్చి, దిమ్మ నుంచి ముక్క విరిచి, అందరూ చూస్తుండగా అతని చేతిలో పెట్టారు.

"ఇంటికి బెల్లం కావాలి. రుచి నా పొలిమేరలోది కాదండి. మీరే కొరికి చెప్పాలి."

మల్లేశ్వరరావు గౌతమ్ వైపు చూశాడు. గౌతమ్ తల ఊపాడు. ముక్క నోట్లో కరిగింది.

"మొదటి రకం," అన్నాడు మల్లేశ్వరరావు. మూగిన రైతులు తమ దిమ్మలు దింపడానికి బయలుదేరారు.

మల్లేశ్వరరావు ఇప్పుడు ఆ మందు వాడుతున్నాడు, మేడమెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు, ధర కడుతున్నాడు. త్రినాధరావుగారు దగ్గుకు నేటికీ మందు రాయరు.