కొమురెల్లి రోజూ ఏం చేస్తాడు

నాచారంలో ఒక కర్రీ పాయింట్ పైఅంతస్తులో మా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. కింద పోపు వేగుతుంటే పైన మావాళ్లు తుమ్ముకుంటూ ఇంగ్లిష్ నేర్చుకుంటారు. మొదటి బ్యాచ్‌కి మేడమ్‌ని నేనే. ఏళ్ల తరబడి బోర్డు మీద అవే వాక్యాలు. ఐ గెట్ అప్ ఎర్లీ. ఐ గో టు వర్క్. వుయ్ ఈట్ డిన్నర్ టుగెదర్. రోజూ చేసే పనులు నాలుగు చెప్పగలిగితే సగం భయం పోతుందని నా నమ్మకం.

రాశాక ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు 'వాట్ డు యు డు ఎవ్రీ డే?' అని అడగాలి, ఇంకొకరు చెప్పాలి. బాగా చెప్తే 'వెరీ గుడ్, ఎగెయిన్' అంటాను. నసిగారంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

కొమురెల్లి ఏనాడూ నసగలేదు. యాభై దాటిన మనిషి. జనగామ వైపు నుంచి ఎప్పుడో వచ్చి మల్లాపూర్‌లో లేత్ మెషీన్ మీద కుదురుకున్నాడు. పెళ్లయిన కొత్తలోనే భార్య పోతే మళ్లీ చేసుకోలేదు. ఉప్పల్లో ఒక్క గదిలో ఉంటాడు. షిఫ్టు దిగి, చేతుల గ్రీజు పోయేదాకా తోముకుని, తల దువ్వుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చేవాడు క్లాసుకి. ఎవరు అడిగినా, ఎన్నిసార్లడిగినా, విసుగు లేకుండా తన రోజంతా ఇంగ్లిష్‌లో చెప్పేవాడు. 'ఐ డ్రింక్ వన్ బై టూ టీ' అనేవాడు అందులో.

"ఎవరితో?" అన్నాను ఒకసారి.

"ఓన్లీ మీ, మేడం."

"ఒక్కరే తాగితే వన్ బై టూ ఎలా అవుతుందండీ? వన్ టీ అనండి."

"కాదు మేడం. వన్ బై టూనే." మొండిఘటం అనుకుని ఊరుకున్నాను.

విచిత్రమేమిటంటే, క్లాసులో ఇంత బాగా చెప్పేవాడు పరీక్ష రోజు మాత్రం గుడ్లప్పగించి నిలబడేవాడు. మొదటిసారి తప్పితే భయమనుకున్నాను. మళ్లీ తప్పాడు. క్లాసు నడిపే గిరిప్రసాద్‌గారు చిరాకుపడి, "ఈసారి పాసైతే పై బ్యాచ్‌కి పంపండి, లేదా ఇంటికి పంపండి. ఆ ముందుబెంచీ ఆయనకి రాసివ్వలేదు కదా" అన్నారు.

పరీక్షకి ముందు కొమురెల్లిని మెట్ల దగ్గర నిలదీశాను. "మీకు అన్నీ వచ్చు. కావాలని తప్పుతున్నారు. నా పరువెందుకు తీస్తున్నారు?"

ఆయన తల దించుకున్నాడు. "పై బ్యాచ్‌ల ఇంటర్వ్యూలు, ఈమెయిల్లు నేర్పుతరంట గద మేడం. పొద్దంత ఏం జేస్తవని గాడ ఎవ్వరు అడగరంట."

"అయితే?"

"ఇంకెక్కడ గుడ అడగరు మేడం."

నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. పాసైనా ఆ ప్రశ్న పోతుంది, తప్పినా పోతుంది. ఆ సంగతి చెప్పేశాను. ఆయన "గట్లనా" అన్నాడు.

పరీక్షలో ఆ ప్రశ్నే అడిగాను. ఈసారి మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు, దిద్దడానికి నాకేమీ మిగల్చకుండా. నిద్ర లేవడం, బస్సు, మెషీను, వన్ బై టూ, గది తాళం తీయడం, దీపం ఆర్పడం. పాస్ అని రాస్తుంటే, ఎవర్నో ఇంట్లోంచి వెళ్లగొడుతున్నట్టు అనిపించింది.

సాయంత్రం కింద నా కోసం నిలబడి ఉన్నాడు. "చాయ్ తాగుదం రాండ్రి మేడం. సోమవారం కెల్లి పై బ్యాచ్ గద."

ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. అడక్కుండానే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో సగం సగం పోసి పెట్టి వెళ్లాడు సర్వర్.

"సాయిలు అని ఒకాయన, నా పక్క మెషీన్ మీద ఉంటుండె" అన్నాడు కొమురెల్లి. "డ్యూటీ దిగంగనే ఈడ్నే కూసుంటుంటిమి. 'ఇయ్యాల ఏం జేసినవ్ బావ' అని అడుగుతుండె. ఇద్దరం ఒక్క కాడ్నే జేస్తిమి, ఆయనకు తెల్వదా? అయినా అడుగుతుండె. పోయినేడు పని ఇడిశిపెట్టి ఊరికి పోయిండు. ఈ పిలగాడు అలవాటుకొద్ది రెండు కప్పులు పెడుతడు. నేను వద్దనలే. రెండోది తాగేసరికి సల్లగైతది, గంతే."

నా ముందున్న కప్పు వెచ్చగా ఉంది. ఇద్దరం తాగాం. అప్పుడాయన గొంతు సవరించుకుని, క్లాసులో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని అడిగాడు.

"వాట్ డు యు డు ఎవ్రీ డే, మేడం?"

ఇన్నేళ్లలో ఎంతమంది చేత ఆ ప్రశ్న అడిగించానో లెక్కలేదు. నన్నెవరూ అడగలేదు. అలవాటుగా బోర్డు మీది వాక్యమే నోటికొచ్చింది. 'వుయ్ ఈట్' దాకా వచ్చి ఆగిపోయాను. కాప్రాలో నా గదిలో ఆ 'వుయ్' ఎవరు? మనిషి గొంతు వినబడాలని టీవీ పెట్టుకుని తింటాను.

మళ్లీ మొదలుపెట్టాను. "ఐ గెట్ అప్. ఐ కమ్ టు క్లాస్. ఐ బై వన్ కర్రీ. ఐ గో హోమ్." ఖాళీ కప్పుని బల్ల మీద ఒకసారి తిప్పాను. ఆయన తొందరపెట్టలేదు. "ఐ ఈట్ డిన్నర్. ఐ స్లీప్" అన్నాను చివరికి. అంతకన్నా చెప్పడానికేమీ లేదని అప్పుడే నాకూ తెలిసింది. హోటల్లో అందరి మధ్యా ఏడుపొచ్చేసింది.

కొమురెల్లి రెండు కప్పులూ పక్కకి జరిపి, కాస్త ముందుకి వంగాడు.

"వెరీ గుడ్ మేడం" అన్నాడు. "ఎగెయిన్."