వెబ్‌సైటుకు బోణీ

మా అబ్బాయి పోయాక నాకు ఏడుపు రాలేదు. కర్మ అయిన మర్నాడే జీడి బట్టీ తాళం తీశాను. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను తక్కెడ తుడుచుకుని, రాళ్ళు సర్దుకుని, ఎవరికి ఇచ్చే పిక్కలు వాళ్ళకు తూచి ఇచ్చాను. అది గట్టితనమని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉండేది. వేడి గిన్నె పట్టుకున్నా చేతికి తెలిసేది కాదు.

కిడ్నీల జబ్బు. మా ఉద్దానం వైపు అది కొత్త కాదు గనక ఎలా పోయాడని ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

పలాసలో మాది చిన్న బట్టీ. కంచిలి, జలంత్రకోట తోటల నుంచి పిక్కలు వస్తాయి. వాటిని కాల్చి, కొట్టి, పొట్టు తీసి, గుండు పప్పు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేసి అమ్మడం మా పని. కొనేవాళ్ళందరూ మా అబ్బాయి మాట మీద వచ్చినవాళ్ళే. వాడితో టీ తాగి, వాడితో నవ్వి, సరుకు తీసుకువెళ్ళేవారు. వాడు లేకపోయేసరికి ఒక్కొక్కరే పక్క బట్టీలకు మళ్ళారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఒక ఆడదానితో, అందులోనూ నాలాంటి కటువు మనిషితో ఎవరు టీ తాగుతారు?

మిగిలింది వెబ్‌సైటు. వాడు పోవడానికి ముందు సంవత్సరం వాడూ నా కోడలూ కూర్చుని తయారు చేశారు దాన్ని. అప్పటికి ఇంకా మా వీధిలో కంప్యూటరున్న ఇల్లు మాదొక్కటే. ఫోను తీగ మీద ఇంటర్నెట్టు వచ్చేది. నేను ఆ పెట్టె మీద పాత చీర ముక్క కప్పి ఉంచేదాన్ని, దుమ్ము పడకుండా. కరెంటు కాలుతోందని అరిచేదాన్ని కూడా. వెబ్‌సైటులో మొదటి పేజీ గుండు పప్పుది. తర్వాత బద్ద, తర్వాత ముక్క. చివర్న 'మా గురించి' అని ఇంకో పేజీ. అందులో వాడి ఫోటో. బట్టీ ముందు లుంగీ పైకి కట్టి, మెడలో తువ్వాలుతో, ముఖానికి మసి. మంచి చొక్కా వేసుకోమంటే వినలేదు.

నా కోడలు పరాయి పిల్ల కాదు, నా తమ్ముడి కూతురే. ఒక్కతే మనవరాలు నాకు. తమ్ముడిది టెక్కలి, కొబ్బరి వ్యాపారం. నెల మాసికం దాటాక ఒకరోజు బస్సు దిగి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, ఉన్నమాట అనేశాడు.

"ఓలప్పా, ఇంకెన్నాళ్ళే ఈ బట్టీ? కొన్నోడూ నేడు, కాల్సినోడూ నేడు. ఆ షెడ్డు నాకు అద్దెకిచ్చియ్యి, కాయలు పోసుకుంటాను. గుంటనీ పిల్లనీ టెక్కలి తీసుకెళ్ళిపోతాను. నువ్వూ రా."

"నేను రాను."

"నువ్వు రావని నాకు తెల్సు. నువ్వు నక్షత్రం సూసుకుని గానీ గుమ్మం దిగవు. గుంట సంగతి సెప్పు."

వాడు గుంట అంటున్న నా కోడలు తలుపు పక్కన నిలబడి ఉంది. "కొత్త పిక్కలొచ్చేదాకా ఆగు నాన్నా," అంది. "సైటు సూసి ఎవులైనా ఫోన్ సేత్తారు."

"కంప్యూటర్లో ఎవుడో సూత్తే బట్టీలో పొగొత్తాదేటే?"

అయినా ఒప్పుకున్నాడు. కొత్త పిక్కలు వచ్చేలోపు కొనేవాళ్ళు దొరికితే బట్టీ ఉంటుంది. లేకపోతే కోడలూ మనవరాలూ టెక్కలి వెళ్ళిపోతారు. ఏడాదికి సరిపడా పిక్కలు ఆ రోజుల్లోనే కొని పెట్టుకోవాలి గనక అంతకు మించి ఆగడం కుదరదు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతానన్న సంగతి నాకు అర్థమైంది. అర్థమైనా లోపల ఏమీ కదల్లేదు. చీకటి పడుతోందని వాడిని బస్సుకు తొందరపెట్టాను.

సైటు ఎంతమంది చూశారో చెప్పే లెక్క ఒకటుంటుంది. అది ఊరికే ఇస్తారని తెలిశాక నేను అభ్యంతరం చెప్పలేదు. కోడలు నన్ను పక్కన పీట మీద కూర్చోబెట్టి చూపించింది. నేను రెండో తరగతితో ఆపేసినదాన్ని. అక్షరం కూడబలుక్కుంటాను గానీ ఆ ఇంగ్లీషు మాటలు నాకు కొరుకుడు పడలేదు. జీడిపప్పులోకి దింపి చెప్పమన్నాను.

"ఇవి హిట్లత్తా. శానా కనబడతాయి గానీ నమ్మకు. ఒకడు పేజీ తెరిత్తే అందులో బొమ్మకో హిట్టు పడిపోద్ది."

"అంటే ఒకడొచ్చి ఏడు బస్తాల్లో సెయ్యెట్టి సూత్తే ఏడుగురొచ్చినట్టేటి?"

"అదే."

"దొంగలెక్క. తీసీ."

"అందుకే ఇది సూడాలి, విజిటర్లు. వచ్చిన మనుషులు. పొద్దునొచ్చినోడు సాయంత్రం మళ్ళీ వత్తే మనిషొక్కడే, రాకలు రెండు. ఇవి పేజీ వ్యూలు. వచ్చినోడు గుండు సూసి, బద్ద సూసి, ముక్క సూత్తే మూడు."

"మరి ఈ ఎర్రదేటి?"

"బౌన్సు. గుమ్మంలోంచి తొంగిసూసి ఎల్లిపోయినోలు."

"అలాంటోల్ని నేను సంతలో శానామందిని సూసినాను."

ఎక్కడి నుంచి వచ్చారన్నది కూడా రాస్తుంది. మన చిరునామా తెలిసి తిన్నగా వచ్చినవాళ్ళు ఒక వరస. జీడిపప్పు ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఇంకో వరస. ఇంకెవరో చూపిస్తే వచ్చినవాళ్ళు మరొక వరస. ఊళ్ళ పేర్లు కూడా ఉంటాయి. ఇదంతా నాకు తొందరగానే పట్టుబడింది. బట్టీ గుమ్మంలో కూర్చుని నా జన్మంతా నేను చేసింది ఇదే గదా.

అప్పుడే బోణీ మాట వచ్చింది. ఏ కొట్టుకైనా పొద్దున్నే మంచి చెయ్యి పడాలి. వెబ్‌సైటు కూడా కొట్టే అయినప్పుడు దానికి బోణీ ఎవరు చేస్తున్నారు? కోడలికి కూడా అది నిజమే అనిపించింది. హైదరాబాదులో మా ఆడపడుచు కొడుకు చెయ్యి మంచిది. చెన్నైలో పనిచేసుకునే జలంత్రకోట చుట్టాలున్నారు. భువనేశ్వరంలో ఒక మేనకోడలుంది. పొద్దున్నే ఒక్కసారి మన పేజీ తెరవండి, చాలు అని అందరికీ ఫోన్లో చెప్పాం. వాళ్ళూ సంతోషపడ్డారు. వాడి పేరు మీద ఏదో ఒకటి చేసినట్టు ఉంటుందన్నారు. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. ఇంట్లో కోడలు సాంబ్రాణి పుల్ల వెలిగించి, కంప్యూటరు మీద చీర ముక్క తీసి, మొదట తనే తెరిచేది.

చూసినవాళ్ళ లెక్క చూపించే గీత పైకి లేచింది. వారం వారం లేచింది. హైదరాబాదు, చెన్నై, భువనేశ్వరం. అన్నిటికంటే పైన విశాఖపట్నం. విశాఖపట్నం మనిషి రోజూ వచ్చేవాడు. గుండు పప్పు దగ్గర ఆగేవాడు కాదు. తిన్నగా 'మా గురించి' పేజీకి వెళ్ళి, మా అబ్బాయి ఫోటో దగ్గర చాలాసేపు ఉండేవాడు. అంతసేపు ఇంకే పేజీలోనూ ఎవరూ ఉండలేదు.

"ఎవులే అది?" అన్నాను.

"తెల్దత్తా. ఆయన్నెరిగిన షావుకారెవులో."

వాడిని ఎరిగినవాడు రోజూ వాడి ముఖం చూస్తున్నాడంటే ఎప్పటికైనా ఫోను చేస్తాడని అనుకున్నాను. తమ్ముడు వస్తే ఆ గీత చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"బాగానే ఎక్కింది. సూసినోలు సరే, కొన్నోడేడే?"

"వత్తాడు. విశాపట్నమోడు రోజూ వత్తన్నాడు."

"రోజూ వచ్చి ఒక్కసారీ అడగనోడు షావుకారేటప్పా? పెళ్ళిసూపులకొచ్చినాడేటి?"

కోడలు లోపలికి వెళ్ళిపోయింది. నేను కళ్ళజోడు వాడి చేతిలోంచి తీసుకుని మడిచి డబ్బాలో పెట్టాను.

తర్వాత సముద్రం వైపు నుంచి పెద్ద గాలి వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడ్డాయి. మా వీధి ఫోను తీగ తెగింది. బాగుచేసేవాళ్ళు తీరికగా వచ్చారు. అన్నాళ్ళూ కంప్యూటరు చీర ముక్క కింద ఊరికే ఉంది. తీగ కలిపాక కోడలు లెక్క తెరిచి, రోజుల వరసను పైకీ కిందికీ మళ్ళీ మళ్ళీ జరిపి చూసింది.

"ఏటే?"

"మన తీగ తెగినన్నాళ్ళూ విశాపట్నమోడు రానేదత్తా."

"గాలికి అక్కడా తెగిపోనాదేమో."

"కాదు. మన ఫోను కంపెనీ లెక్క విశాపట్నం నుంచి నడుత్తాది. మన ఇల్లు దానికి విశాపట్నం లాగ కనబడతాది." చీర ముక్క మడత పెట్టింది. "ఆ మనిషి నేనే అత్తా. పిల్ల బడికెళ్ళినాక మధ్యాన్నం పూట ఆయన ఫోటో తెరుసుకుని కూకుంటన్నాను. ఇంటోల్ని కూడా లెక్కేత్తాదని నాకు తట్టనేదు."

ఏ కొట్టువాడూ ఇంటివాళ్ళను గిరాకీల్లో వెయ్యడు. ఈ కొట్టు వేసింది. అది తెలిశాక మిగతాది చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊళ్ళన్నీ మా చుట్టాల ఊళ్ళే. అందరూ పొద్దున్నే వచ్చారు. అందరూ చిరునామా తెలిసి తిన్నగా వచ్చినవాళ్ళే. మొదటి పేజీ తెరిచి వెంటనే వెళ్ళిపోయారు. ఆ ఎర్ర బౌన్సంతా మా బోణీ.

ఫోన్లు చేసి అందరినీ ఆపమన్నాం. కొందరు నొచ్చుకున్నారు. "మా సెయ్యి మంచిది కాదనేటి?" అని ఆడపడుచు కొడుకు అడిగాడు. నీ చెయ్యి మంచిదే, లెక్క చెడుతోందని చెప్పాను. అసలు లెక్క తెలిసేదాకా ఇంట్లో కూడా ఆ పేజీలు తెరవకూడదనుకున్నాం. ఆ మాట కోడలే అంది. మధ్యాహ్నాలు ఆమె వచ్చి పొట్టు తీసేవాళ్ళ మధ్య కూర్చునేది. పని కావాలని కాదు, చేతులు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి గదా.

గీత నేల మీద పడింది. నాకు దుఃఖం రాలేదు. వాడు పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కానీ నేలకు అంటుకుని కొంచెం ఏదో మిగిలింది. ఒకరూ ఇద్దరూ. ఒక్కో రోజు ఎవరూ లేరు. మాకు తెలియని ఊళ్ళు. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. ఏ మాట వేసి వెతికారో కూడా చూపిస్తుంది. వాళ్ళెవరూ గుండు పప్పు అని వెతకలేదు. ముక్క, బద్ద, మిఠాయిలోకి జీడిపప్పు. వచ్చి ముక్క పేజీలో నిలబడి, అక్కడి నుంచే వెళ్ళిపోతున్నారు.

"ఆ పేజీలో ఏటుందే?"

"బొమ్మొకటి. నాలుగు మాటలు."

"ఫోను నెంబరో?"

"అది 'మా గురించి' పేజీలో ఉంది."

ముక్క మాకెప్పుడూ మిగులు సరుకే. అందరికంటే చివర కూర్చోబెట్టాం. కొనడానికి వచ్చినవాడికి మమ్మల్ని ఎలా పిలవాలో కూడా అక్కడ రాయలేదు. కోడలు ముక్కను మొదటి పేజీకి తెచ్చింది. ప్రతి పేజీ కిందా నెంబరు వేసింది.

కొత్త పిక్కలు దిగుతున్నాయని వీధిలో బళ్ళు మొదలయ్యాయి. తమ్ముడు వచ్చాడు. ఈసారి బస్సులో కాదు, సామాను వేసుకువెళ్ళడానికి వ్యాను తెచ్చాడు. కోడలు అప్పటికే ట్రంకు పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. మనవరాలు దాని మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. అందరం అన్నాలు తింటుండగా ఫోను మోగింది. కోడలు ఎడం చేత్తో తీసింది. బరంపురంలో మిఠాయి కొట్టు. ఒరియా కలిసిన తెలుగులో మాట్లాడుతున్నాడు. ముక్క ఉందా, నల్లగా మాడకుండా ఉంటుందా, ముందు కొంచెం పంపితే చూసుకుంటాను, బాగుంటే నెలనెలా కావాలి అన్నాడు. మీ నెంబరు ఎవరిచ్చారని కోడలు అడిగింది. ఎవరూ ఇవ్వలేదు, కంప్యూటర్లో దొరికిందన్నాడు.

పెట్టేసి వచ్చి విస్తరి ముందు కూర్చుంది.

తమ్ముడు చారు పోసుకుని అన్నాడు, "ముక్కలు కొన్నోడి మీద బట్టీ నడుత్తాదేటప్పా?"

"నడుత్తాదో నేదో సూత్తాను. ఒకడు మనమెవులో తెలకుండా వచ్చినాడు. అది సాలు ఈ ఏటికి."

"గుంటా, నువ్వేటంటావు?"

కోడలు పక్కకు చూడకుండా, "సామాను దించీ నాన్నా," అంది.

"ఇంకా ఎక్కించనేదే, దించడానికేటి!" అన్నాడు వాడు. చెయ్యి కడుక్కుని ట్రంకు పెట్టె తనే లోపల పెట్టాడు. ఖాళీ వ్యాను ఎందుకు తిప్పడమని నేను దాన్ని హరిశ్చంద్రపురం వైపు పిక్కలకు పంపాను. గొణుక్కుంటూనే వెళ్ళాడు.

ఆ సాయంత్రం కోడలు కంప్యూటరు ముందు కూర్చుని ఏదో మార్చింది. "మనింటిని లెక్కలోంచి తీసేసినానత్తా. ఇకనుంచి మనం తెరిసినా అది ఎంచదు."

"ఎన్నిసార్లు తెరిసినా?"

"ఎన్నిసార్లైనా."

చీర ముక్క నా ఒళ్ళో ఉంది, కప్పుదామని తెచ్చినది. పీట దగ్గరకు జరుపుకుని, "అయితే తెరువు," అన్నాను. తెరిచింది. లుంగీ, తువ్వాలు, ముఖానికి మసి. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చీకటి పడింది. కరెంటు కాలుతోందని నేను అనలేదు.