మామ్మ మీద నేను వేసిన నింద

నీళ్లు పోసే మామ్మ పోయింది. రాస్తున్నాను గానీ నమ్మకం కుదరడం లేదు. ముందురోజు సాయంత్రమే కాసిడీహ్ బజార్లో, పుచ్చు వంకాయలు ఏరుకున్నానని నాతో తగువేసుకుంది. తెల్లారి కుళాయి దగ్గర కూలబడిందట, అంతే. ఇంత చెప్పాపెట్టకుండా పోతారా ఎవరైనా!

కార్ఖానా పనికొచ్చిన భర్త వెంట శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ చేరిన మనిషి. మా వీధిలో పసిబిడ్డలందరికీ ఆవిడే నీళ్లు పోసేది. కాళ్లు బారజాపి వాటి మీద బోర్లా వేసుకుంటే, గుక్కపట్టిన బిడ్డ కూడా ఊరుకునేది.

డెబ్భైల మొదట్లో మా అబ్బాయి పుట్టిన నాలుగోనాడు వాడి తొడల మీద పొక్కులు లేచాయి. నేను వీధిలో నిలబడి, "మరిగే నీళ్లు పోసి నా బిడ్డను కాల్చేసింది!" అని అందరూ వినేలా అరిచాను. ఆ పూట నుంచి ఆవిడను ఏ ఇంటివాళ్లూ పిలవలేదు.

మామ్మ నన్ను తిట్టలేదు. మర్నాడు ఆసుపత్రికి మా వెనకాలే వచ్చింది. డాక్టరు కూడా కాలిన పొక్కులే అనబోతుంటే అడ్డం వచ్చింది.

"నిన్నకాణ్ణించి నాను నీళ్లే పొయ్యలేదు బాబూ. మొలతాడు కింద కొత్తది లేసింది, సూడండి. నీళ్లు కాదు, రాపిడి."

డాక్టరు పెన్సిల్ రబ్బరుతో బిడ్డ కాలి మీద మెల్లగా నాలుగుసార్లు తిప్పి, మమ్మల్ని కూర్చోమన్నాడు. కాసేపటికి సరిగ్గా అక్కడే పొక్కు లేచింది. రాపిడి తగిలితే చర్మం లేచిపోయే పుట్టు జబ్బట. తాను పుస్తకంలో చూడటమే గానీ బిడ్డకు రాగా చూడలేదన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా తప్పయిందని అనకుండానే బిడ్డనెత్తుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు ఆవిడే అరటాకు పట్టుకుని మా గుమ్మం ఎక్కింది.

"నన్నన్నావు సరే, గుంటడేటి సేసినాడే? లెగు, నీళ్లెట్టు."

కాళ్ల మీద ఆకు పరిచి, వాణ్ని దాని మీద పడుకోబెట్టి, చెయ్యి రాయకుండా చెంబుతో పోసేది. "రుద్దకే. నీళ్లే సేసుకుంటాయి పని" అనేది.

తర్వాత తర్వాత మిగతా ఇళ్లవాళ్లూ పిలిచారు. కానీ ఆ నింద అబద్ధమని, అరిచినంత గట్టిగా నేను ఏ రోజూ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పద్దెనిమిదేళ్లు గడిపేశాను. సిగ్గులేనిదాన్ని.

పాడె మోస్తానని మా అబ్బాయి ముందుకొచ్చాడు. నీ భుజం ఆగదురా, వద్దన్నారంతా. "మేరీ దాదీ హై, మా మామ్మ" అన్నాడు. సువర్ణరేఖ నది ఒడ్డు దాకా, భుజం మార్చుకుంటామన్నా ఎవరికీ తన చోటు ఇవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి పొక్కులు చితికి చొక్కా వాడి భుజానికి అంటుకుపోయింది. నీళ్లతో తడిపి కొంచెం కొంచెం విడదీస్తూ, "తప్పయిపోయింది" అని పైకే అనేశాను. నొప్పికి పళ్లు బిగబట్టుకున్న వాడు, తనతోనే అంటున్నాననుకుని, "కోయీ బాత్ నహీ, పర్లేదమ్మా" అన్నాడు.