కాటుక పెట్టుకున్న పిట్ట

ఇప్పుడు మోరిస్‌విల్‌లో మా వంటింట్లో నారింజ తొక్క వలిచినప్పుడల్లా, ఆ ఘాటుకి నెబ్రాస్కాలో మా పెరటి కంచె గుర్తొస్తుంది. ఎనభైల మొదట్లో మాట. మైదానంలో గడ్డి ఏపుగా లేచి, వాగు పక్క కాటన్‌వుడ్ చెట్ల దూది రేగి కారు అద్దాలకు అంటుకునే రోజుల్లో అమ్మ నారింజకాయలు అడ్డంగా కోసి కంచె మేకులకు గుచ్చేది. వాటి మీద నిప్పుకణికల్లాంటి పిట్టలు వాలేవి. మనూళ్ళో మామిడితోటల్లో కూసే పసుపుపిట్ట పేరుతో అమ్మ వాటిని వంగపండు అనేది. నాన్న ఆ ఊరి ఆస్పత్రిలో డాక్టరు. ఊరి మొత్తానికి తెలుగువాళ్ళం మేమే. ఇంగ్లీషు అంతంతమాత్రం కనక అమ్మ ఎవరు పలకరించినా నవ్వి ఊరుకునేది.

ఒక వేసవిలో కొలరాడో కొండలకు వెళ్ళాం. స్టేషన్ వ్యాగన్ కారు వెనక సీట్లో పులిహోర డబ్బా, ఆవకాయ వాసన, నేను. కొండల మొదట్లో ఏటి పక్కన భోజనానికి కూర్చుంటే పైకొమ్మ మీద నారింజరంగు పిట్ట కనబడింది. మన పిట్టే అన్నాను. అమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని చాలాసేపు చూసింది.

"కాదే. మనింటికొచ్చేదానికి తలంతా నలుపు. దీనికి కంటికి కాటుక గీతుంది, రెక్క మీద తెలుపెక్కువ. ఇది వేరే."

తిరిగొచ్చాక, పిట్టలు చూసే గుంపుతో వాగు గట్టుకు వెళ్ళాం. గుంపుని నడిపేది మిసెస్ హాగన్ అనే రిటైరైన సైన్సు టీచరు. అమ్మ నన్ను ముందుకు తోసి "చెప్పవే" అంది. కొండల్లో చూసింది వేరే పిట్టని చెప్పాను. ఆవిడ పిట్టల పుస్తకం తెరిచి, ఒకప్పుడు వాటికి రెండు పేర్లుండేవనీ, ఈ మైదానంలో రెండూ ఒకదానితో ఒకటి జతకడుతున్నాయని శాస్త్రజ్ఞులు ఒకే పేరు కింద కలిపేశారనీ ఓపిగ్గా చెప్పారు. వెనక ఎవరో నవ్వారు. నాకు సిగ్గేసి అమ్మ చెయ్యి పట్టి లాగాను. అమ్మ కదల్లేదు.

"నో. టూ బర్డ్స్. ఐ సా," అంది, అంతమంది ఎదుట, మొదటిసారి.

మిసెస్ హాగన్ అమ్మ మొహంలోకి చూసి, తన నోటుబుక్కు అందించి, బొమ్మ వేసి చూపించమన్నారు. అమ్మ నా కళ్ళకు దిద్దినంత నెమ్మదిగా ఆ గీత దిద్దింది. మేం ఆ ఊరు వదిలేదాకా ఏటా మే నెలలో వాళ్ళిద్దరూ ఆ గట్టున తిరిగారు, కాటుకవి ఒక పేజీలో, నల్లతలవి ఇంకో పేజీలో, రెండు పోలికలూ కలిసినవి మధ్యలో రాసుకుంటూ. అమ్మ ఇంగ్లీషు నేర్చుకున్నది అక్కడే.

నేను ఉద్యోగంలో చేరాక, కొత్తగా వచ్చిన పిట్టల పుస్తకంలో ఆ రెంటినీ మళ్ళీ వేరుచేశారు. అమ్మకు ఫోన్ చేసి చెప్తే, "ఇప్పటికైనా చూశారు. అన్నం తిన్నావా?" అంది.

పోయినేడు అమ్మను తీసుకుని ఆ ఊరెళ్ళాను. మేమున్న ఇల్లు లేదు. గట్టు మీద చెట్లు చాలావరకు కొట్టేసి గోదాములు కట్టారు. మిసెస్ హాగన్ పోయి చాలా కాలమైంది. మిగిలిన నాలుగు చెట్లలో ఎక్కడో పిట్ట కూసింది. కారు ఆపి అద్దం దించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని కాసేపు వెతికింది.

"నాకు ఆనట్లేదే. నువ్వెళ్ళి చూసి చెప్పు."

కారు దిగి చెట్ల కిందికి నడిచాను. అమ్మ కిటికీలోంచి, తొందరేమీ లేనట్టు, నా వైపే చూస్తూ కూర్చుంది.