ఎడమచేత్తో వేసిన తోడి

మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో పాట పెడితే తెరమీద రంగురంగుల గీతలు లయకి తగ్గట్టు గెంతుతున్నాయి. చూడు పప్పా, పాట కనిపిస్తోందని అది హిందీలో మురిసిపోతుంటే, ఈ వింత మా బారిడీహ్ కార్ఖానా క్వార్టర్లో మా చిన్నాన్న ఎప్పుడో చేసేశాడే అని నాకు నవ్వొచ్చింది.

చిన్నాన్న కార్ఖానాలో ఫిట్టరు, ఇంట్లో వయొలిన్ విద్వాంసుడు, ఆదివారాల్లో ఆ రాగాలకే బొమ్మలు కట్టే చిత్రకారుడు. మనిషిది కుడిచేతివాటమే గాని కుంచె మాత్రం ఎడమచేత్తో పట్టేవాడు. వయొలిన్ మీద గమకం పలికేది ఎడమచేతి వేళ్ళలోనే కదా, రాగం తెలిసిన చెయ్యి అదొక్కటేనని ఆయన వాదం. జోలపాటల రాగమైన నీలాంబరి బొమ్మ వేసి ఆయన గుమ్మంలో ఆరబెట్టిన రోజు అవతలి భుయ్యాడీహ్ బస్తీ దాకా కుక్కలన్నీ మిట్టమధ్యాహ్నం గుర్రుపెట్టి నిద్రపోయాయి. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ కుక్కలిప్పుడు లేవు గనక సాక్ష్యం తేలేను.

అలాంటి మనిషికి చెవులు మందగించాయి. శ్రీరామనవమి పందిట్లో శ్రుతి తప్పి వాయిస్తున్నానని, ఎదుటివాళ్ళు తలలు దించుకోవడం చూసి గాని తెలుసుకోలేకపోయాడు. వయొలిన్ పెట్టెలో పెట్టేశాడు. తను వేసేది రాగమో ఉత్త రంగులో చెప్పే చెవి లేదు గనక, బొమ్మలూ మానేయాలేమోనన్న బెంగ పట్టుకుంది.

చివరికొక బొమ్మ వేసి, ఏ రాగమో చెప్పకుండా, చక్కగా పాడే మా పిన్ని ముందు పెట్టి, చూసి పాడు, తప్పయితే కుంచెలు సువర్ణరేఖ నదిలో పారేస్తానన్నాడు.

"ఏటి, పోపు మాడిపోతంటే నాకీ పరీచ్చలేటి?" అని విసుక్కుంటూనే పిన్ని ఆ వణికే నీలిగీతల వంక చాలాసేపు చూసి తోడి ఎత్తుకుంది. ఎత్తుకుంటే మాత్రం ఆయనకి వినపడాలి కదా! లేచి వచ్చి, మా పిల్లలందరి ఎదుటా ఎడమచేతి వేళ్ళు ఆవిడ గొంతుమీద ఆనించాడు.

"సిగ్గు నేదేటయ్యా, పిల్లలు సూత్తన్నారు!" అంటూ ఒక్క క్షణం ఆపి, మళ్ళీ అందుకుంది. గాంధారం దగ్గర ఆవిడ గొంతు ఊగిందో లేదో, ఆయన వేళ్ళు తీగమీద ఆడినట్టే ఆడాయి. అలా కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు. పోపు నిజంగానే మాడిపోయింది, లేచిన వాళ్ళు లేరు.

కుంచెలు నదిపాలు కాలేదు గాని, ఆ తరవాత పిన్ని పాడి సరేనంటేనే బొమ్మ గోడకెక్కేది. గాంధారం బరువెక్కిందని ఆవిడ సైగ చేస్తే, వెంటనే నీలం పలచన చేసేవాడు.

ఇద్దరూ లేరిప్పుడు. బొమ్మలు మా ఇంట్లో ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఇది ఏ కొండ, అది ఏ నది అని అడుగుతారు, నేనూ నోటికొచ్చిన కొండ పేరు చెప్పి దానిమీదో కథ అల్లేస్తాను, హాయిగా నమ్ముతారు. వీటిని చూసి రాగం అందుకునే మనిషి ఒకావిడ ఉండేదంటే మాత్రం, అదీ నా కోతల్లో కలిపేస్తారు. ఎవరూ లేనప్పుడు ఆ తోడి ముందు కాసేపు నిలబడతాను. నా చెవులు బాగానే ఉన్నాయి. పాడేవాళ్ళే లేరు.