మంచం పట్టిన డాక్టరుగారు

ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే డాక్టర్లు ముందు నాడి చూస్తారు, నాలుక చూస్తారు. మా డాక్టరుగారు మంచం చూస్తారు. రోగిని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, బూట్లు విప్పి, ఆ మంచం మీద తాను వెల్లకిలా పడుకుంటారు. పదకొండేళ్ళు ఆయన వెంట నర్సుగా తిరిగినదాన్ని. ఆయన నిలబడి ఒక్క రోగినైనా చూసినట్టు నాకు గుర్తులేదు.

"రోజంతా పైకప్పు చూసే మనిషి బాధ నుంచుంటే ఎలా తెలుస్తుంది సిస్టర్?" అనేవారు.

నిద్రపట్టని ఒక హెడ్‌మాస్టారి మంచం మీద పది నిమిషాలు పడుకుని లేచి, "ఎదురుగా ఉన్న ఆ గడియారం తీసేయండి, నాకే గుండె దడగా ఉంది" అన్నారు. మందు రాయలేదు. హెడ్‌మాస్టారికి నిద్ర పట్టింది.

ఇంకో ఇంట్లో ఈయన పడుకుని ఉండగా, రోగిని పలకరించడానికి దూరపు చుట్టం ఒకాయన బత్తాయిలతో వచ్చాడు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి, మా డాక్టరుగారి చెయ్యి పట్టుకుని, "ఎంత చిక్కిపోయావురా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఈయన కాదనలేదు. రెండు బత్తాయిలు తిన్నారు. వలిచి ఇచ్చింది కుర్చీలో కూర్చున్న అసలు రోగి. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన ఆటలు సాగనిది టైలరు మాస్టారి దగ్గర ఒక్కచోటే. మాస్టారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది. మళ్ళీ పడతానన్న భయం మాత్రం పోలేదు. రెండు నెలలుగా మంచం దిగలేదు, వీపు మీద పుండ్లు మొదలయ్యాయి.

"ఈ వారంలో లేవకపోతే ఇక లేవరు" అని డాక్టరుగారు ఆయన భార్యతో చెప్పారు. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

మొదటిరోజు డాక్టరుగారు బూట్లు విప్పి, "లేవండి మాస్టారూ, నేను పడుకోవాలి" అన్నారు. మాస్టారు లేవలేదు. గోడవైపు జరిగి, "రండి" అన్నారు.

ఆ ఇరుకు మంచం మీద ఇద్దరూ పక్కపక్కన పడుకుని పైకప్పు చూశారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. మూడోరోజు మాస్టారి భార్య నన్ను పక్కకు పిలిచి, "వైద్యం ఇద్దరిలో ఎవరికమ్మా?" అని అడిగింది.

నాలుగోరోజు పడుకున్నాక మాస్టారు పక్కకు తిరిగి చూశారు.

"డాక్టరుగారూ, మీ చొక్కా జేబు ఊడి వేలాడుతోంది."

"వేలాడనివ్వండి. మా సిస్టర్ దగ్గర గాయాలు కుట్టే దారం ఉంది. రెండు కుట్లు వేసేస్తుంది."

"గాయాలు కుట్టే దారంతో జేబా?"

"నలుపు దారమే లెండి."

"తెల్ల చొక్కాకా? విప్పండి ముందు."

మాస్టారు లేచి కూర్చున్నారు. ఆయన భార్య పరుగున రాబోతే డాక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టారు. నేను మాత్రం వెనకాలే చేతులు చాచి నిలబడ్డాను. మాస్టారు చొక్కా భుజాన వేసుకుని, వాకరు పట్టుకుని, నన్నూ నా దారాన్నీ తిట్టుకుంటూ కుట్టు మిషను దాకా ఏడడుగులు నడిచారు. తిట్లు అంత హాయిగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

స్టూలు మీద కూర్చుని, జేబు అంచు వేళ్ళతో తడిమి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇది ఊడిన కుట్టు కాదు. ఎవరో పనిగట్టుకుని బ్లేడుతో కోశారు."

పొద్దుటి నుంచి నా పెట్టెలో ఒక బ్లేడు తక్కువై వెతుక్కుంటున్నాను. డాక్టరుగారి వైపు చూశాను. బనీనుతో ఉన్న ఆ మహానుభావుడు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇన్నేళ్ళూ ఈయన వెంట తిరగడానికి సిగ్గుపడ్డానే అని నా మీద నాకే కోపం వచ్చింది.

మాస్టారు మంచం వైపు చూశారు. మధ్యలో ఉన్న ఖాళీ నేలను చూశారు. తర్వాత సూదిలో దారం ఎక్కిస్తూ అన్నారు.

"జేబు మరీ చిన్న పని డాక్టరుగారూ. రేపు కాలరు కోసుకురండి."