మొగ దగ్గర ముంచని సీసా

లీటరు సీసాడు నీళ్లు ఎంత బరువుంటాయి? చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగి రావచ్చు. నేను మాత్రం ఇన్నేళ్లుగా దించలేకపోతున్నాను. మా ఆవిడకి చెప్పలేదు. చెబితే ఉప్పు గంప నా నెత్తిన బోర్లిస్తుంది. ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

పులికాట్ సరస్సులో పడవ నడిపేవాణ్ణి. ఐదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఓ వానాకాలం చివర కోట అనే ఊరి వైపు నుంచి ఒక మేడమ్ వచ్చింది. వరి పండించే ఇంటి పిల్ల, పెద్ద చదువు చదువుతోంది. ఆమెకు చేపలు అక్కర్లేదు, రొయ్యలు అక్కర్లేదు. నీళ్లు కావాలి. ఏరు కలిసే చోట ఒక సీసా, సరస్సు నడుమ ఒకటి, సముద్రం లోపలికొచ్చే మొగ దగ్గర ఒకటి. ఆ నీళ్లలో కంటికి కనిపించని బాక్టీరియా ఉంటాయట. కొన్ని రకాలు ఎక్కడ ముంచినా గుంపులు గుంపులు. కొన్ని ఏదో ఒక్కచోట, అదీ వెతికితేనే. ఎవరు ఎక్కడ ఎక్కువ, ఎవరు తక్కువ, ఎందుకు? అదే ఆమె చదువు.

టీ అంగడి బెంచీ మీద రోజూ కూర్చునే మా బ్యాచీ ఒక రకం, ఎప్పుడో ఒకసారి దిగబడే దూరపు చుట్టం ఇంకో రకం, అంతేనా అని అడిగాను. పడవ ఊగేలా నవ్వింది. అంతే అంది. కానీ ఆ చుట్టం ఎటు నుంచి వచ్చాడో తెలియాలంది. పోటుతో కొట్టుకొచ్చాడా, కొంగ కాలికి అంటుకుని వచ్చాడా, లేక ఎప్పటినుంచో ఓ మూల నక్కి తనకు సరిపడే ఉప్పదనం కోసం కాచుకున్నాడా? ఉప్పు మారితే గుంపులో ఉన్నవాడు ఒంటరైపోవచ్చట, ఒంటరివాడు గుంపు కట్టొచ్చట. అంతవరకూ నా వలలో పడనివాటి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి నీళ్లు చూస్తే ఎవరో నన్ను తిరిగి చూస్తున్నట్టే ఉండేది.

ఒకరోజు ఆమెకు జ్వరం. సీసాలూ ఐసుపెట్టె కూడా నాకిచ్చి, నువ్వే ముంచుకురమ్మంది. పులికాట్‌లో నా పడవ పోని నీళ్లే లేవని గొప్పలు పోయాను.

ఉన్నాయి. మా దగ్గర ఏ తావులో ఏ రోజు ఏ కుప్పం, అంటే ఏ జాలరి పల్లె, వాళ్లు వల వేయాలో వంతు ఉంటుంది. వంతు లేనివాడు అక్కడ గెడ కూడా దించకూడదు. ఆ రోజు మొగ దగ్గర పక్క కుప్పం వంతు. వాళ్ల పెద్దను అడిగితే, నీళ్లే కదా, ముంచుకో అనేవాడేమో. కానీ ఓ పెళ్లిలో ఆయన నడకను అందరి ముందూ నడిచి చూపించి నవ్వించి ఉన్నాను. ఏ మొహంతో అడగను? గొప్పలు పోయిన నోటితో మేడమ్‌కి మాత్రం ఏమని చెప్పను?

రెండు సీసాలు నిజంగానే ముంచాను. మూడోది మా ఇంటి రేవులో ముంచాను. వానలకు అక్కడ నీళ్లు చప్పబడి ఉన్నాయి. మేడమ్ దగ్గర చుక్క వేసి కంటికి పెట్టుకుని ఉప్పదనం చూసే గొట్టం ఒకటి ఉంది. దొరికిపోతాను. మా ఆవిడ ఎండుచేపలకు వాడే గంపలోంచి గుప్పెడు కల్లుప్పు తీసి సీసాలో వేశాను. కలిపాను. నాలుక మీద వేసుకుని చూశాను. ఎక్కువైంది. కాస్త ఒంపి నీళ్లు పోశాను. మొగ రుచి నా నాలుకకు కంఠతా వచ్చు. మేడమ్ గొట్టంలోంచి చూసి తలూపింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొన్ని నెలలకు ఆమె ఆయాసపడుతూ వచ్చింది. మొగ సీసాలో, సరస్సులో ఇంకెక్కడా లేని రకం ఒకటి చిక్కిందట. ఉప్పుంటే తప్ప బతకనిదట. శ్రీహరికోట వైపు ఎండిన ఉప్పు పర్ర నేలల మీద నుంచి గాలికి వచ్చి ఉంటుందా అని నన్నే అడిగింది. నేనూ సంబరపడ్డాను. నమ్ముతారా? ఉప్పులో కూడా ఎవరో కాపురముంటారని ఎవరనుకుంటారు?

ఓ మధ్యాహ్నం అన్నం తింటున్నాను. మా ఆవిడ గంప బోర్లించి, అడుగు ఉప్పుకు మళ్లీ ఎర్ర పట్టిందని విసుక్కుంది. చూశాను. గులాబీ రంగు జిగురు. నేను సీసాలో వేసిన గుప్పెడు ఈ గంపలోదే. ఎర్ర పట్టడమంటే ఏమిటి? ఎవరో అక్కడ గుంపు కట్టడమే కదా?

తర్వాతి వానాకాలం ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి వంతు చూసుకుని మొగ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఎన్నిసార్లు ముంచినా ఆ రకం లేదు. ఎందుకు లేదో తెలిసినవాణ్ణి, వెనక నిలబడి గెడ వేస్తున్నాను. చివరి రోజు రేవులో దిగుతూ అడిగింది.

"నేనే సీసాలు తారుమారు చేసుకున్నానంటుండాడన్నా మా సారు. ఎంత చెప్పినా నమ్మడంలే."

"ఒడ్డున కూసోనుండే ఆయనకేం తెలుసు మేడమ్?"

"నువ్వు చెప్పన్నా. ఆ పొద్దు మొగ కాడే గదా ముంచినావు?"

"మొగ కాడ గాక మా అత్తగారింట్లో ముంచుతానా?"

నవ్వింది. నన్ను నమ్మి నవ్వింది. నా మాటకు ఎంతమందో నవ్వారు, ఆ నవ్వొక్కటే లోపల ఇరుక్కుపోయింది. ఆ తర్వాత ఆమె రాలేదు. ఆ చదువు మానుకుందని విన్నాను. సీసా వల్లేనా? తెలియదు. కాకూడదని కోరుకునే హక్కు నాకుందా?

తప్పించుకునే దారులు వెతకలేదా అంటే, వెతికాను. మా ఆవిడ గంప కడిగేది సరస్సులోనే. ఆ ఎర్ర రకం రోజూ మా రేవులో పడుతూనే ఉంటుంది. కొన్నయినా ఓ మూల నక్కి, నీళ్లు ఎండి ఉప్పెక్కే ఎండాకాలం కోసం కాచుకుని ఉండవా? అప్పుడు నా సీసా పూర్తిగా అబద్ధం కాదు కదా? ఇంతవరకూ వస్తాను, ఇక్కడ ఆగిపోతాను. ఉంటే మా రేవులో ఉంటాయి. ఆమె చేత నేను వెతికించింది మొగ దగ్గర.

ఇప్పటికీ గంప అడుగున ఎర్ర కనిపిస్తే కూర్చుని చూస్తాను. వీళ్లెవరు, ఎటు నుంచి వచ్చారు అని అడగాలనిపిస్తుంది. చెప్పగలిగిన మనిషిని నేనే పంపించేశాను.

ఆమె అడిగిన మాటకు జవాబు ఇంకా బాకీ ఉంది. ఇదిగో. లేదు మేడమ్, ఆ పొద్దు మొగ కాడ ముంచలేదు. ఆ చుట్టం మా ఉప్పు గంపలోంచి వచ్చినాడు. సీసాలు మీరు మార్చలేదు.